అన్నా, 60 రోజులు ఉన్నాయి కదా?

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగితే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు ఫోన్ చేసింది మా పక్క బ్లాకులో ఉండే తమ్ముడు. డల్లాస్ దగ్గర మా అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగువాళ్లే. బంధుత్వం లేకపోయినా అందరం ఒకరికొకరం అన్న, తమ్ముడు, వదిన. పొద్దున పది గంటలకు హెచ్‌ఆర్ మీటింగ్ పెట్టి జాబ్ తీసేశారట. అతను ఉన్నది హెచ్1బి అనే వర్క్ వీసా మీద, జాబ్ పోతే దేశంలో ఉండడానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది. సాయంత్రం దాకా ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. "అన్నా, 60 రోజులు ఉన్నాయి కదా? గ్రూపులో అందరూ అదే అంటున్నారు" అన్నాడు.

గ్రూపులో వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ అతనికి 60 రోజులు లేవు, 41 రోజులే ఉన్నాయి. ఆ సంగతి నేను చెప్పలేదు, గ్రూపులో ఎవరూ చెప్పలేదు. మర్నాడు లాయర్ "ముందు మీ ఐ-94 పంపండి" అన్నప్పుడు బయటపడింది. ఐ-94 అంటే అమెరికాలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే రికార్డు, ఏ తేదీ వరకు ఉండొచ్చో అందులో ఉంటుంది.

అంతకుముందు ఏడాది అతను చెల్లెలి పెళ్లికి ఇండియా వెళ్లి వచ్చాడు. అప్పటికి పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడింది. హెచ్1బి అప్రూవల్ కాగితం మీద ఇంకా రెండేళ్లు ఉన్నా, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ పాస్‌పోర్ట్ అయిపోయే తేదీ వరకే ఐ-94 ఇచ్చాడు. ఆ తర్వాత కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నాడు కానీ ఐ-94 దానంతట అది పొడవు కాదు కదా. దాని తేదీ సరిహద్దు శాఖ సీబీపీ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. కానీ జాబ్ ఉన్నంతకాలం దాన్ని ఎవరు చూస్తారు?

నేను లాయర్ని కాను. పదహారేళ్లుగా ఇక్కడ ఉంటూ స్టూడెంట్ వీసా, హెచ్1, గ్రీన్‌కార్డు అన్నీ దాటి వచ్చిన మామూలు ఉద్యోగిని. ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి, నేనూ ఒకప్పుడు ఇలాంటి ఫోన్లే చేశాను. తోటివాళ్లను అడగడం తప్పని నేను అనను. అర్ధరాత్రి లాయర్ ఫోన్ ఎత్తడు, అన్న ఎత్తుతాడు. అయితే ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, మన గ్రూపుల్లో తప్పుడు జవాబులకంటే సగం ప్రశ్నలే ఎక్కువ నష్టం చేస్తున్నాయి. జవాబును మార్చేసే వివరం ఏదో తెలియకే దాన్ని వదిలేసి అడుగుతాం. అవతలివాళ్లు వాళ్ల అనుభవాన్ని నిజాయితీగా చెబుతారు. వాళ్ల ఐ-94 వేరు, మనది వేరు.

ఆ 60 రోజులనే తీసుకుందాం. ఇది 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన రూలు. అంతకుముందు హెచ్1బి మీద ఉన్నవాళ్లకు జాబ్ పోతే గ్రేస్, అంటే అదనపు గడువు, అనేదే లేదు. రూలు చెప్పేది ఇది: ఉద్యోగం ఆగిన తర్వాత వరుసగా 60 రోజులు, లేదా మీకు ఇచ్చిన గడువు ముగిసే తేదీ, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అది. గడువు అంటే ఐ-94 తేదీ. ఒక్కో అప్రూవల్ గడువులో ఈ గ్రేస్ ఒక్కసారే. పైగా దాన్ని తగ్గించే, తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. కాబట్టి దీన్ని హక్కు అని కాకుండా వెసులుబాటు అని అనుకోవాలి.

లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నది మరో చిక్కు. మామూలుగా ఏ రోజు వరకు జీతం లెక్కగట్టి ఇచ్చారో ఆ మర్నాటి నుంచి లెక్క. తీసేశామని ఈమెయిల్ వచ్చిన రోజు వేరు, లాప్‌టాప్ తిరిగిచ్చిన రోజు వేరు. సెవరెన్స్ కింద, అంటే తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారంగా, మూడు నెలల జీతం ఒకేసారి ఇచ్చినా ఈ లెక్క పొడిగించినట్టు కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంకో 60 రోజులు కూడా ఉన్నాయి. 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం, 100 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీ పెద్ద సంఖ్యలో తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా కంపెనీలు పని చెప్పకుండా, ఆ రెండు నెలలూ జీతం ఇస్తూ పేరోల్‌లో ఉంచుతాయి. దీనికీ వీసాకూ సంబంధం లేదు, ఇది సిటిజన్లకూ ఉన్న కార్మిక చట్టం. రెండింటిలోనూ 60 అనే అంకె ఉండడంతో గ్రూపుల్లో ఇవి కలిసిపోతాయి. ఒకరు "నాకు 120 రోజులు దొరికాయి" అంటారు, ఇంకొకరు "కాదు, 60 మాత్రమే" అంటారు. వాళ్లవాళ్ల సంగతి చూస్తే ఇద్దరూ నిజమే చెబుతుంటారు. పని లేకుండా జీతం మాత్రమే వచ్చే ఆ రోజుల్ని ఎలా లెక్కించాలన్న దానిపై లాయర్లలోనే ఏకాభిప్రాయం లేదు. జాగ్రత్తపరులు పని ఆగిన రోజు నుంచే లెక్కపెట్టుకోమంటారు.

ఆ గడువు లోపల కొత్త కంపెనీ హెచ్1బి పిటిషన్ వేస్తే, అది అందిన దగ్గర నుంచి కొత్త చోట పనిలో చేరొచ్చు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు. గడువులో కంపెనీ దొరకకపోతే విజిటర్ స్టేటస్‌కు (బీ2) మార్చమని దరఖాస్తు పెట్టుకుంటారు కొందరు. దానితో దేశంలో ఉండడానికి కొంత సమయం దొరుకుతుంది కానీ పని చేసే వీలుండదు. తర్వాత కంపెనీ దొరికినా, కొత్త పిటిషన్ అప్రూవ్ అయ్యాకే చేరాలి. "బీ2 వేసెయ్ బ్రో, టెన్షన్ లేదు" అని ఒక్క ముక్కలో చెప్పే సలహాలో ఈ రెండో సగం ఉండదు.

ఏ ప్రశ్న ఏ చట్టం కిందికి వస్తుంది?

జాబ్ పోయిన మనిషికి అన్నీ ఒకే సమస్యలా కనిపిస్తాయి: వీసా, సెవరెన్స్, పాత బాస్ మీద కోపం, పిల్లల స్కూలు. కానీ చట్టం దృష్టిలో ఇవి వేరు వేరు గదులు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫెడరల్ చట్టం, దేశమంతా ఒకటే. అందుకే న్యూజెర్సీలో లైసెన్స్ ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయర్ టెక్సాస్‌లో ఉన్నవాడి కేసు చూడొచ్చు. ఉద్యోగ ఒప్పందాలు అలా కాదు, చాలావరకు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. "పోటీ కంపెనీలో చేరకూడదని సంతకం పెట్టించుకుంటే అది చెల్లదులే" అని బే ఏరియా మిత్రుడు ధీమాగా చెబుతాడు. కాలిఫోర్నియాలో నిజంగానే అలాంటి షరతు చెల్లదు. టెక్సాస్‌లో హేతుబద్ధంగా ఉంటే చెల్లుతుంది. అతని ధైర్యాన్ని అరువు తెచ్చుకుంటే కోర్టు నోటీసు మనింటికి వస్తుంది.

సెవరెన్స్ కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టేయకండి. డబ్బిచ్చి, దానికి బదులుగా కేసు వేసే హక్కులు వదులుకుంటున్నామని రాయించుకునే కాగితం అది. 40 ఏళ్లు నిండినవాళ్లు వయసు వివక్ష హక్కును వదులుకోవాలంటే, ఆలోచించుకోవడానికి 21 రోజులు, ఒకేసారి చాలామందిని తీసేసినప్పుడైతే 45 రోజులు ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి 7 రోజులుంటాయి. మన హెచ్1బి తరంలో చాలామంది ఇప్పుడు నలభై దాటినవాళ్లే. హెచ్‌ఆర్ "శుక్రవారంలోగా పంపండి" అన్నా ఈ గడువులు మారవు.

ఇంకో మాట. కంపెనీ పెట్టిన లాయర్ ప్రధానంగా కంపెనీ మనిషి. మన ఫైలు చూసేది, మనతో మర్యాదగా మాట్లాడేది ఆయనే కాబట్టి మన లాయర్ అనుకుంటాం. ఫీజు కట్టేది కంపెనీ, పిటిషన్ కంపెనీది. "నేను వేరే కంపెనీకి వెళ్తే, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఏమవుతుంది?" అని ఆయన్ని అడిగితే ఆయన ఇరకాటంలో పడతాడు. ఆ మాట మేనేజర్ దాకా వెళ్లదని చెప్పలేం. ఇలాంటిదానికి మన జేబులోంచి ఇచ్చి బయటి లాయర్‌తో ఒక గంట మాట్లాడుకోవడం మేలు. జవాబు కొంత నేనే చెప్పగలను: ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటితే, కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ కారణం చేత అది రద్దు కాదు. ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మన స్థానం తేల్చే తేదీ, మనతోనే ఉంటుంది. హెచ్1కి ఉండే ఆరేళ్ల పరిమితి దాటాక పొడిగింపుకూ ఆ ఐ-140 పనికొస్తుంది. ఇండియా క్యూలో ఏళ్ల తరబడి నిలబడినవాళ్లకు ఆ తేదీ ఎంత విలువైనదో నేను చెప్పక్కర్లేదు. 180 రోజులకు పది రోజుల ముందు రాజీనామా చేసినవాళ్లను చూశాను. ఒక్కరంటే ఒక్కరు ఆ లెక్క గుర్తుచేసి ఉంటే బాగుండేది.

బెంచ్, అంటే ప్రాజెక్ట్ లేక ఖాళీగా కూర్చోబెట్టడం, దాని గురించి చెబుతుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ప్రాజెక్ట్ లేదని జీతం ఆపేయడం హెచ్1బి చట్టానికి విరుద్ధం. పని చూపించలేకపోవడం కంపెనీ సమస్య, జీతం ఇవ్వాల్సిందే. ఉద్యోగి తనంతట తాను సెలవు అడిగితే వేరే సంగతి. హెచ్1 ఫైలింగ్ ఫీజు, దాని లాయర్ ఫీజు ఉద్యోగి చేత కట్టించకూడదు. ముందే మానేశావని జరిమానా వసూలు చేయకూడదు. గడువుకు ముందే కంపెనీ తీసేస్తే ఇండియాకు తిరుగు ప్రయాణం ఖర్చు ఇవ్వాలి. నా మొదటి కన్సల్టెన్సీలో నాలుగు నెలలు బెంచ్‌లో ఉంచి, "నువ్వే చెక్ పంపు, మేం పే స్లిప్ జనరేట్ చేస్తాం" అన్నారు. అంటే నా డబ్బునే నాకు జీతంగా చూపిస్తారన్నమాట. గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందరూ "ఇక్కడ మామూలే" అన్నారు. నేనూ పంపాను. మామూలైనంత మాత్రాన చట్టబద్ధం కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అప్పుడు ఎవరైనా డబ్ల్యూహెచ్-4 అనే ఫారం పేరు చెప్పి ఉంటే! కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి ఆ ఫారంతో ఫిర్యాదు చేయొచ్చు. ఉల్లంఘన జరిగిన 12 నెలల లోపు చేయాలి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించకూడదని చట్టంలోనే ఉంది. జీతం ఆగడం వల్ల స్టేటస్ దెబ్బతిన్నవాళ్లు కంపెనీ మీద ఫిర్యాదు చేసి ఆధారం చూపిస్తే, ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఆ పరిస్థితిని పరిగణనలోకి తీసుకునే వీలుంది. మన గ్రూపుల్లో మాత్రం "ఫిర్యాదు చేస్తే నీ వీసానే పోతుంది" అన్న భయమే చలామణిలో ఉంది. ఆ భయంతో లాభపడేది ఎవరో వేరే చెప్పాలా?

సలహా వయసు, సలహా ఇచ్చేవాడి లాభం

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్1బికి లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు మీద ఆ సాయంత్రం అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఆదివారం తెల్లవారకముందే అమలు. దసరాకి ఇంటికి వెళ్లినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు ఎంతమందో. పెద్ద కంపెనీలు సైతం "బయట ఉన్నవాళ్లు వెంటనే వచ్చేయండి" అని మెయిల్స్ పంపాయి. విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయారు. మర్నాడు శనివారానికి ప్రభుత్వం వివరణ ఇచ్చింది: ఇది ఇకపై వేసే కొత్త పిటిషన్లకు, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు. కానీ శుక్రవారం రాత్రి మెసేజీలు ఆదివారం కూడా ఫార్వర్డ్ అవుతూనే ఉన్నాయి, వాటి మీద తేదీ లేదు. అప్పటి నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏ స్క్రీన్‌షాట్ పంపినా "ఇది ఏ రోజుది?" అని ముందు అడుగుతాను.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఈ సలహాలో చెప్పేవాడికి డబ్బుందా? 2019 జనవరి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువ మంది ఇండియా వాళ్లు, అందులో మన తెలుగు పిల్లలు ఎందరో. క్లాసులు లేవు, టీచర్లు లేరు, చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చన్న ఆశ ఉంది. తీరా చూస్తే దాన్ని నడిపింది హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. విద్యార్థులను చేర్పించిన 8 మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. పిల్లల్ని వందల సంఖ్యలో అరెస్టు చేశారు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి. రెండు చోట్లా ఇది నోటి మాటగానే పాకింది. "మా ఫ్రెండ్స్ అందరూ చేరారు, ఏం కాలేదు" అన్న మాట చాలు, ఎవరూ అనుమానించరు. చేర్పించినవాళ్లలో కొందరికి తలకింత అని ముట్టిందన్న సంగతి ఆ మాట విన్న పిల్లాడికి తెలియదు.

వివక్ష గురించి క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడా రెండు సంగతులు కలిసిపోతాయి. "వీసా స్పాన్సర్ చేయం" అని కంపెనీ అంటే హెచ్1బి మీద ఉన్నవాళ్లు దాన్ని వివక్ష అని సవాలు చేయలేరు. వీసా స్థితిని బట్టి చూపే వివక్ష మీద చట్టం ఇచ్చిన రక్షణ సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్న చాలామందికి, శరణార్థులకే. కానీ "ఇండియన్స్ వద్దు" అంటే, రంగును బట్టో యాసను బట్టో ప్రమోషన్ ఆపితే, హెచ్1బి అయినా సరే పౌర హక్కుల చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. కనీసం 15 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ అది వర్తిస్తుంది. గడువు మామూలుగా 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

పౌరసత్వం దగ్గర ఒక్క టిక్కు

గ్రీన్‌కార్డు వచ్చాక మనవాళ్లు అడగడం మానేస్తారు. గండం గడిచింది కదా అని. పౌరసత్వం దాకా వెళ్లే దారిలో అసలు గోతులు అప్పుడే మొదలవుతాయి.

కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ఐ-9 అనే ఫారం నింపుతాం. అందులో నాలుగు గడులు. మొదటిది "అమెరికా పౌరుడు". గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లది మూడోది. తొందరలో మొదటి గడిలో టిక్కు పెడితే, అది పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం కిందికి వస్తుంది. ఈ తప్పుకు దాదాపు మినహాయింపులు లేవు, గ్రీన్‌కార్డుకే ఎసరు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో కౌంటర్ వెనక ఆవిడ స్క్రీన్ చూస్తూ "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడుగుతుంది. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మానాన్నలు మర్యాదకు తలూపేస్తారు. ఏళ్ల తర్వాత పౌరసత్వం దరఖాస్తు ఎన్-400లో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇలాంటిది జరిగిందని అనుమానం ఉంటే గ్రూపులో ఒక్క అక్షరం కూడా రాయకండి. లాయర్‌తో మాట్లాడింది గోప్యంగా ఉంటుంది, గ్రూపులో రాసింది స్క్రీన్‌షాట్ అవుతుంది.

అమ్మానాన్నల గ్రీన్‌కార్డు విషయంలో "ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపిస్తే చాలు" అంటారు. ఇందులో మూడు లెక్కలు ముడిపడి ఉన్నాయి. మొదటిది గ్రీన్‌కార్డు నిలవడం: నిజంగా ఇక్కడే కాపురం ఉంటున్నారా అన్నది చూస్తారు, రోజుల లెక్క ఒక్కటే కాదు. రెండోది పౌరసత్వానికి కావలసిన ఎడతెగని నివాసం: ఒకే ట్రిప్పులో ఆరు నెలలు దాటితే తెగిందేమో అన్న అనుమానం మొదలవుతుంది, ఏడాది దాటితే తెగినట్టే. మూడోది మొత్తం ఉనికి: ఐదేళ్లలో కనీసం 30 నెలలు ఇక్కడ ఉండాలి. ఏటా ఐదున్నర నెలల చొప్పున రెండు ట్రిప్పులు వేస్తే రెండో లెక్కలో బొటాబొటిగా గట్టెక్కినట్టు కనిపిస్తారు, మూడోదానిలో ఫెయిల్ అవుతారు. ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి రెండేళ్ల రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నా అది మొదటి లెక్కకే సాయం, రెండోదానికి కాదు.

ప్రమాణం చేసి అమెరికా పౌరులైన రోజే, 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. "ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇంకా మూడేళ్లుంది, ఈసారికి దాని మీదే వెళ్లొస్తా" అనుకోవద్దు, అది నేరం. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి దరఖాస్తు చేయాలి. ఓసీఐ పేరులో పౌరసత్వం అన్న అర్థం ఉన్నా అది ద్వంద్వ పౌరసత్వం కాదు. జీవితకాలపు వీసా లాంటిది. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే వీలు లేదు.

పొలం సంగతి దగ్గర మాత్రం మన ఊళ్లలో పెద్ద అపోహ ఉంది. "సిటిజన్‌షిప్ రాకముందే కొనెయ్, వచ్చాక కొననివ్వరు" అని బావమరుదులు, మధ్యవర్తులు తొందర పెడతారు. నిజానికి వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఎన్నారైకీ వీల్లేదు, ఓసీఐకీ వీల్లేదు. విదేశీ మారక నిబంధనలు చూసేది మనం ఎక్కడ నివాసం ఉంటున్నామన్నది. భారత పాస్‌పోర్ట్ చేతిలో ఉన్నా డల్లాస్‌లో ఉంటూ కొంటే అదే తప్పు. ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం ఇద్దరూ కొనుక్కోవచ్చు. నాన్న పొలం వారసత్వంగా వస్తే ఇద్దరూ ఉంచుకోవచ్చు.

ఇక ఎవరిని ఏమడగాలన్నది. ఎన్ని రోజులు పట్టింది, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, ఏ లాయర్ ఫోన్ ఎత్తుతాడు, ఏ కన్సల్టెన్సీ జీతం ఎగ్గొడుతుంది, వీటికి మన గ్రూపుల్ని మించినవి లేవు. సంతకం, టిక్కు, గడువు తేదీ ఉన్న ఏ విషయానికైనా లాయర్ కావాలి. డబ్బు ఇబ్బందైతే లా కాలేజీల క్లినిక్కులు, కౌంటీ బార్ అసోసియేషన్లు ఉన్నాయి, న్యాయ శాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులూ ఉన్నారు. తానా, ఆటా, నాటా లాంటి తెలుగు సంఘాల సభల్లో ఇమ్మిగ్రేషన్ లాయర్లు వచ్చి కూర్చుంటారు, డ్యాన్సుల హాలు పక్క గదిలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఫారాలు నింపిపెడతానంటూ సలహా కూడా ఇచ్చే ఏజెంటుకు ఆ హక్కు లేదు. లాయర్ నిజమైన లాయరో కాదో ఆ రాష్ట్రపు బార్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలుస్తుంది.

గ్రూపులో అడిగినా వివరంతో అడగండి. మా తమ్ముడు మొదట పెట్టింది "జాబ్ పోయింది, ఎంత టైం ఉంటుంది?" అని. లాయర్‌తో మాట్లాడాక మళ్లీ పెట్టాడు: "చివరి జీతం తేదీ ఇది, ఐ-94 అంతకు 41 రోజుల తర్వాత అయిపోతుంది, గ్రేస్ ఇంతకుముందు వాడలేదు, ఐ-140 అప్రూవ్ అయ్యి ఏడాదిన్నర. నాలుగు వారాల్లో హెచ్1 ఫైల్ చేయగల కంపెనీ ఎవరికైనా తెలుసా?" ఈసారి ఎవరూ వీసా సలహా ఇవ్వలేదు. గంటలో ముగ్గురు రెజ్యూమె అడిగారు. 37వ రోజున పిటిషన్ వెళ్లింది. రసీదు నంబర్ వచ్చిన సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి సోఫాలో కూర్చుని ఏమీ మాట్లాడలేదు, ఫోన్‌లో ఆ నంబర్‌ను పెద్దది చేసి చూస్తూనే ఉంది.